మైకులో రెండో మాట

పేరు వినపడింది. అందులో అనుమానం లేదు అనుకుంది కెజియా, అనుకున్న మరుక్షణమే అనుమానం వచ్చింది. ఐదో నంబరు రొయ్యల గుంట కట్ట మీద గొంతుక్కూర్చుని, ఆక్సిజన్ మీటరు తీగను నీళ్ళలోకి వదిలి, అంకె ఒకచోట నిలబడేదాకా చూస్తూ ఉంది, మూడు పాయింట్ ఆరు, మూడు పాయింట్ నాలుగు, తెల్లవారేముందు గుంటల్లో ఆక్సిజన్ పడిపోతుంది, అది చూసి రాసుకోవడం ల్యాబులో తన ఉద్యోగం, రెండేళ్ళుగా చేస్తున్న పనే, చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. సరిగ్గా అప్పుడు ఊళ్ళోంచి చర్చి మైకు గాలికి తేలుతూ వచ్చింది. రోజూ వచ్చేదే. పాస్టరు కృపాదానం అయ్యగారు ఐదింటికి పాట ఎత్తుకుంటారు, పాటలయ్యాక చీటీలు తీసి ప్రార్థన మనవులు చదువుతారు, మోకాళ్ళ నొప్పులూ, పరీక్షలూ, కోడలి కాన్పూ, వేటకు పోయిన పడవా, ఎవరి ఇంట్లో ఏ కష్టం ఉందో సముద్రందాకా అందరికీ తెలిసిపోతుంది. ఆ వరసలో, అయ్యగారి గొంతే, 'మన సంఘ బిడ్డ కెజియా స్వస్థత కోసం' అని వినపడింది. దాని వెనకే, చిన్నగా దగ్గి, అదే గొంతు, 'ఆ బిడ్డ చెయ్యి పడిన నీళ్ళు చెడిపోతున్నాయి' అన్నది. మీటరు మీద అంకె మూడు పాయింట్ మూడు దగ్గర నిలిచింది. కెజియా దాన్ని పుస్తకంలో రాసుకుంది, రాసుకున్నాక తను ఏం రాసిందో మళ్ళీ చూసుకుంది.

ముందు ఊపిరి. వాణి గారు చెప్పినట్టు నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి. ఈ వాణి గారిని కెజియా ఇంతవరకూ ఎదురుగా చూసిందే లేదు, ఫోను తెరలో భుజాలదాకానే తెలుసు, వెనక ఒక బీరువా, బీరువా మీద మడత పెట్టిన దుప్పట్లు, అప్పుడప్పుడూ కుక్కరు కూత. నిద్ర పట్టని రోజుల్లో ఫోను తోస్తూ పడుకుంటే ఒక ప్రకటన వచ్చింది, ఎవరో మిమ్మల్ని గమనిస్తున్నట్టు ఉంటోందా, మామూలు చప్పుళ్ళలో మాటలు వినపడుతున్నాయా, పదహారు నుంచి ముప్పై ఏళ్ళ లోపు వాళ్ళకు ఫోనులోనే ఉచితంగా సహాయం అని. తన తలలో ఉన్నది వాళ్ళకెలా తెలిసింది, ఇది తన ఒక్కదాని కోసమే వేశారు, అనుకుంది. ఆ మాట మొదటి కాల్‌లోనే అడిగితే, ఆ సహాయం చేసే కౌన్సెలరు వాణి గారు నవ్వలేదు, కొంచెంలో ఆపుకున్నారు, 'ఒక రకంగా నీ కోసమేనమ్మా, తెల్లవార్లూ మేలుకుని ఫోను చూసేవాళ్ళందరికీ వేస్తాం, నువ్వూ వాళ్ళల్లో ఉన్నావు' అన్నారు. ఆ జవాబు నచ్చింది కెజియాకు. ఆమె సైకోసిస్ అనే మాటను దాచకుండా చెప్పడమూ నచ్చింది, నీకది వచ్చిందని కాదు, వచ్చే అవకాశం ఉంది, నీలాంటి వాళ్ళల్లో చాలామందికి రాదు, రాకుండా ఉండటానికి చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి, చేద్దాం, అని. చెయ్యగలిగినవి వింటే అమ్మ చెప్పే మాటల్లాగే ఉన్నాయి, వేళకు తిను, వేళకు పడుకో, టీ తగ్గించు, నడువు, ఒంటరిగా గదిలో ముడుచుకోకు. అమ్మ చెప్పనిది ఒకటే, ఏదైనా వినపడి అది నిజమో కాదో తేలకపోతే దగ్గరివాళ్ళను అడుగు అన్నది. మిగిలినవన్నీ చేసింది కెజియా, బుద్ధిగా చేసింది, రోజుకు నలభై నిమిషాలు నడిచింది, టీ మానేసి తలనొప్పి తెచ్చుకుంది. అడగడం మాత్రం చెయ్యలేదు. 'మీకేమన్నా వినపడిందా' అని అడిగితే ఎదుటి మనిషి ముఖం మారుతుంది గదా, ఆ ముఖాన్ని మళ్ళీ రోజూ చూడాలి గదా.

అడగకుండా తేల్చుకునే ఉపాయం ఒకటి తనే కనిపెట్టింది. గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాలు రాత్రీ పగలూ తిరుగుతాయి, ఆ రొదలో మాటలున్నట్టు అనిపిస్తే చటుక్కున ఫోను తీసి రికార్డు చేసేది, ఇంటికి పోయి దుప్పటి కప్పుకుని వినేది, అందులో చక్రాల చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. నలభై ఒక్క రికార్డులు. నలభై ఒక్కసార్లు చక్రాల చప్పుడు విని సంతోషపడిన పిల్ల ఈ జిల్లాలో ఇంకొకతె ఉండదు. ఇవాళ మాత్రం ఒక చేతిలో మీటరు, ఒక చేతిలో పెన్ను, రికార్డు నొక్కే తీరిక ఏది. పైగా చక్రాల్లో గొంతులు గుసగుసలు పోతాయి, సగం మాటలుగా వచ్చి సగంలో పోతాయి, ఇది అట్లా కాదు, మైకు గొంతు, బారుగా, పూర్తి వాక్యం. పూర్తి వాక్యం ఎప్పుడూ రాలేదు. నీళ్ళు చెడిపోతున్నాయి. ఆ మాట ఏడో నంబరు గుంట గురించేనని ఎవరికి తెలియదు, జనవరిలో తెల్లమచ్చ జబ్బు తగిలి గుంటకు గుంట ఖాళీ అయింది, రిపోర్టు ఒక రోజు ఆలస్యంగా ఇచ్చింది కెజియా, ఆ ఒక్క రోజూ ముందే ఇచ్చి ఉన్నా రొయ్య దక్కేది కాదని ల్యాబులో అందరూ అన్నారు. గుంట యజమాని పద్మనాభయ్య గారు ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన కట్ట మీద నిలబడి చచ్చి తేలిన రొయ్యల్ని చూసి, తర్వాత కెజియా చేతుల వైపు చూసినట్టు అనిపించింది, చూశాడో లేదో, అప్పటి నుంచే నిద్ర దూరమైంది, అప్పటి నుంచే చక్రాలు మాట్లాడటం మొదలుపెట్టాయి.

'ఏంది పాపా, అట్టా నిలబడిపోయినావు?' కాపలా కామాక్షయ్య, టార్చిలైటు చంకలో పెట్టుకుని, పందుంపుల్ల నములుతూ వస్తున్నాడు. నిలబడిందా తను, ఎప్పుడు లేచింది. అడుగు, ఇప్పుడే అడుగు, ఆయన దగ్గరివాడు కాకపోతేనేం, చెవులున్న మనిషి.

'తాతా, ఇందాక మైకు విన్నావా?'

'మైకా? అది దినామూ మోగేదే గదా. దినామూ చెవిన పెట్టుంటే ఈపాటికి నాకు బాప్తిస్మం అయిపోయుండును.'

'ఇవాళ ఎవరి పేరో చెప్పినారు.'

'చెప్పేదానికేముంది, ఎవురికో బాగలేదంటారు, ఎవురో బిడ్డంటారు.' పుల్ల తీసి ఉమ్మి, గుంట వైపు చూసి అడిగాడు. 'నీళ్ళెట్టుండాయి?'

రోజూ అడిగే ప్రశ్నే. రెండేళ్ళుగా ఇదే కట్ట మీద ఇదే మనిషి ఇదే మాట అడుగుతున్నాడు, అయినా ఇవాళ వేరేగా వినపడింది. ఎవురో బిడ్డంటారు అన్నాడు, ఊరికే అన్నాడా, విని అన్నాడా, విని ఉంటే నీళ్ళ సంగతి ఎందుకు అడిగాడు, తెలిసే పరీక్ష చేస్తున్నాడా. ఆగు. వేరే కారణం ఏముండొచ్చో ఆలోచించు, వాణి గారి పాఠంలో అదే గదా ఉంది, వేరే కారణం ఏముంటుంది, ఆయన గుంట కాపలా మనిషి, గుంట కాపలా మనిషి నీళ్ళ సంగతి కాక వెండి ధర అడుగుతాడా. 'ఆక్సిజన్ తక్కువుండాది తాతా, ఇంకో చక్రం ఆన్ చెయ్యి' అంది, గొంతు మామూలుగానే వచ్చింది, ఎంత మామూలుగా వచ్చిందంటే తనకే భయం వేసింది. టైము ఆరు దాటింది. ఆరున్నరకు వాణి గారి కాల్. వారానికొక రోజు, ఆమె పిల్లల్ని బడికి తయారు చెయ్యకముందు, తను ల్యాబుకు పోకముందు, ఇద్దరికీ కుదిరే వేళ అదొక్కటే.

సైకిలు తొక్కుతుంటే ఉప్పుగాలి ఎదురు కొడుతోంది. ఊరు ఇంకా కిలోమీటరు. రెండు దారులే ఉన్నాయి గదా, లెక్క కట్టినట్టు చూస్తే. అయ్యగారు నిజంగా అన్నారు అంటే, ఊరంతా విన్నది, విడవలూరు పోయే మొదటి బస్సులోనే ఆ మాట ఎక్కుతుంది, మధ్యాహ్నానికి ప్రతి గుంట యజమానికీ తెలుస్తుంది, ఆ పిల్లను మా నీళ్ళు తాకనియ్యొద్దు అంటారు, ఉద్యోగం పోతుంది, అది నిజం, నిజమైన కష్టం, పది మందికీ వచ్చేలాంటి కష్టం. అయ్యగారు అనలేదు అంటే, ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియదు, ఉద్యోగం ఎక్కడికీ పోదు, కానీ అప్పుడు వాణి గారు వచ్చే అవకాశం ఉందన్నది వచ్చేసినట్టే, గీత దాటింది తను. సిగ్గులేని మనసు, అయ్యగారు అని ఉండాలనే కోరుకుంటోంది. ఊరంతా వెలేసినా ఫర్వాలేదు గానీ తల మాత్రం నాదిగా ఉండనీ ప్రభువా, అని లోపల్లోపల అడుక్కుంటోంది. అసలు పేరే ఎందుకు చదువుతారు. చీటీ వెయ్యకుండా ఎవరి పేరూ చదవరు. చర్చి తలుపు పక్కన రేకు డబ్బా, అందులో చీటీ వేస్తేనే చదువుతారు. తను వెయ్యలేదు. తన సంగతి తెలిసిన మనిషే లేదు ఈ ఊళ్ళో. మరి పేరు ఎలా చదివారు, చదవలేదు, అంటే మొదటి మాట కూడా లేదు, రెండూ లేవు, మైకు పాట దగ్గరే ఆగిపోయిందేమో, మిగిలినదంతా తనే. సైకిలు తొక్కడం ఆపేసింది, రోడ్డు మీద ఒక కాలు ఆన్చి నిలబడింది, ఏడుపు రావాలి గానీ రాలేదు.

కరుణాకుమారి చిన్నమ్మకు కూడా ఇట్లానే మొదలైందా. ఎవరూ చెప్పరు. అమ్మకు చెల్లెలు, పందొమ్మిదేళ్ళప్పుడు గోడలతో మాట్లాడిందని ఎక్కడో దక్షిణాన ఒక ప్రార్థన మందిరానికి తీసుకుపోయారు, అమ్మే తోడు పోయింది, నలభై దినాలు. ఏం జరిగిందో అమ్మ నోటి వెంట ఒక్కసారి కూడా రాలేదు. చిన్నమ్మ చీలమండ మీద మచ్చ మాత్రం కెజియా చిన్నప్పటి నుంచీ చూసింది, గొలుసు వెడల్పున, చుట్టూతా. పలకరిస్తే నవ్వుతుంది, అన్నం పెడితే తింటుంది, అంతే చిన్నమ్మ. అందుకే గదా వాణి గారి దగ్గర్నుంచి ఫోనులో రోజూ వచ్చే ఐదు ప్రశ్నల్లో మూడో దానికి, ఇతరులకు వినపడనివి వినపడ్డాయా, సున్నా నుంచి పది దాకా, అంటే పన్నెండు రోజులుగా సున్నా పెడుతూ వచ్చింది. పెరిగితే నెల్లూరులో డాక్టరు గారు ఎదురుగా చూడాల్సి ఉంటుందని వాణి గారు ముందే చెప్పారు, ఆ రోజు నుంచీ సున్నాలు. వాణి గారు ఆ సున్నాలు చూసి సంతోషపడ్డారు కూడా, పాపం, నిద్ర కూడా మెరుగైందా అన్నారు, అయింది మేడం అంది. ఇవాళ కూడా సున్నా పెట్టొచ్చు. ఎవరికి తెలుస్తుంది. బొటనవేలు ఒక్కసారి జరిపితే చాలు, ఇంకో వారం గడుస్తుంది. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, అందుకే భయమేసి, మళ్ళీ సైకిలెక్కింది.

అమ్మ పరంజ్యోతి అప్పుడే చర్చి నుంచి వచ్చి ముసుగైనా తియ్యకుండా పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఏడున్నరకు రొయ్యల తలలు తీసే షెడ్డుకు పోవాలి, తనకూ కూతురికీ క్యారియర్లు కట్టాలి, గిన్నెలో ఎసరు తెర్లుతోంది. కెజియా సైకిలు గోడకు చేరేసి, కాళ్ళు కడుక్కోకుండానే గడపలో నిలబడింది. నోరు తెరిచింది. మూసింది. అమ్మ ముఖం మారుతుంది. ఇప్పుడు అడిగితే అమ్మ ముఖం మారుతుంది, చిన్నమ్మను చూసే ముఖంతో తనను చూస్తుంది, ఇక జన్మంతా అదే ముఖం. ఆరు ఇరవై. బియ్యం కడిగిన నీళ్ళు పారబొయ్యడానికి లేస్తున్న అమ్మ దారికి అడ్డంగా నిలబడి ఉంది తను, జరగాలి, జరిగితే అడగదు, తెలుసు.

'అమ్మా. మైకులో నా పేరు చెప్పినారా?'

గిన్నె పట్టుకున్న చేతులు ఆగాయి. పొయ్యి మీద ఎసరు ఒక పొంగు పొంగి మంట మీద పడింది. ఎంతసేపు ఆగింది అమ్మ, రెండు ఊపిర్లా, మూడా, ఆ కాసేపట్లో కెజియాకు తన జీవితమంతా అటో ఇటో ఒరిగిపోతున్నట్టే ఉంది.

'నేనే రాయించినా' అంది పరంజ్యోతి, కింద చూస్తూ. 'తిట్టాలంటే తిట్టు. చీటీ రాసేది నాకు రాదు గదా, పాస్టరమ్మగారి చేత రాయించినా. రాత్రుళ్ళు నిద్రపోవు, గోడవతల నిలబడి ఫోనులో ఎవురితోనో చెప్పుకుంటావు, నన్ను చూస్తే ఆపేస్తావు. స్వస్థత అని మాత్రం రాయమన్నా. నీకేమైందో నాకు తెలిస్తే గదా ఇంకేమన్నా రాయించేది.'

చెప్పారు. పేరు చెప్పారు. ఉన్నది, బయట ఉన్నది, నిజంగా మైకులో ఉన్నది, అమ్మ రాయించింది. కెజియా గడపలోనే కూలబడింది, నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది, నా పేరు ఊరందరికీ వినిపిస్తావా అని అరవాలనుంది, అంతకంటే ముందు అమ్మ కాళ్ళు పట్టుకోవాలనుంది. నేను బాగానే ఉన్నా అనుకుంది. ఇక్కడితో ఆపెయ్, ఇక అడగొద్దు, పేరు నిజమైతే రెండోదీ నిజమే అనుకుని ఊరుకో, వాణి గారికి అట్లానే చెప్పు. కానీ రెండో మాట గొంతులో ముల్లులా ఉంది, మింగితే దిగేది కాదు.

'నా పేరు తరవాత ఏం చెప్పినారు అయ్యగారు?'

'నీ తరవాతా? హెబ్రోను వాళ్ళ పడవ సంగతి. ఇంజను చెడిపోయుండాదంట గదా.'

'కాదుమా. నాకూ హెబ్రోను పడవకూ మధ్యలో.'

'మధ్యలో ఏముంటాది? దగ్గినాడు. నేను ఆయన పక్కనే నిలబడుండా గదా, మైకు నా మొగం కాడే ఉండె.'

'నా చెయ్యి పడితే నీళ్ళు చెడిపోతుండాయని అనలేదా?'

పరంజ్యోతి తల ఎత్తి చూసింది. 'ఏం నీళ్ళు?' అంది.

ముఖం మారింది. కెజియా ఎదురుచూసిన ముఖమే, మూడు నెలలుగా తప్పించుకు తిరిగిన ముఖమే. ఇదిగో వచ్చేసింది, ఏమీ కాలేదు, ఇల్లు అక్కడే ఉంది, ఎసరు తెర్లుతూనే ఉంది. మొదటి మాట మైకుది, రెండో మాట నాది, మధ్యలో అయ్యగారి దగ్గు కూడా మైకుదే, ఆ దగ్గులోంచే పుట్టినట్టుంది. ఎంత బాగా అతికింది, అతుకు కనపడకుండా, అదే గదా భయం. జేబులో ఫోను మోగింది. ఇంకెప్పుడైనా అయితే ఇంటి వెనక్కి, గోడవతలికి పరిగెత్తేది, అమ్మకు ల్యాబు కాల్ అని చెప్పి. కెజియా లేవలేదు. ఫోను తీసి బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టి, 'ఇట్టా కూర్చో మా' అంది.

తెరలో బీరువా, దుప్పట్లు, వాణి గారు. 'నమస్తే కెజియా. పక్కన ఎవరు?'

'మా అమ్మ, మేడం.' అంతవరకూ వచ్చి ఆగింది. సున్నా అన్న మాట నాలుక మీదే ఉంది. 'మేడం, పన్నెండు రోజులుగా నేను పెట్టిన సున్నాలు సున్నాలు కావు' అంది. ఆ తర్వాత ఆగకుండా చెప్పింది, చక్రాలు, నలభై ఒక్క రికార్డులు, ఇవాళ్టి మైకు, పేరు, దగ్గు, ఆ వాక్యం, అక్షరం మార్చకుండా. పైకి అంటుంటే తన గొంతులో ఆ వాక్యం చిన్నదిగా వినపడింది.

వాణి గారు తొందరపడలేదు. 'ఎంతవరకు నమ్మావు దాన్ని?'

'ఇంటికొచ్చేదాకా పదికి ఎనిమిది. ఇప్పుడు నాలుగు.'

'నీళ్ళలోకి దిగమని గానీ, నిన్ను నువ్వు ఏమన్నా చేసుకోమని గానీ ఎప్పుడైనా వినపడిందా? నీకెప్పుడైనా అట్లా అనిపించిందా?'

'లేదు మేడం. అట్లాంటిది లేదు.'

'మంచిది. అట్లాంటిది ఎప్పుడొచ్చినా ఆ నిమిషమే అమ్మకు చెప్పాలి, నాకు ఫోను చెయ్యాలి. ఇక డాక్టరు గారు నిన్ను ఎదురుగా చూడాలమ్మా. ఇవాళే వస్తే మేలు. ఇది ఓడిపోవడం కాదు. ముందుగా చెప్పావు, ముందుగా చూస్తాం.'

కెజియా తల ఊపబోయేలోగా పరంజ్యోతి ముందుకు వంగింది, ఫోనుకు ఎలా మాట్లాడాలో తెలియక కొంచెం గట్టిగా, 'గొలుసు వేస్తారా అమ్మా?' అని అడిగింది.

అటువైపు కుక్కరు కూత వేసింది. వాణి గారు పక్కకు చూడలేదు. 'లేదమ్మా. ఎవరూ వెయ్యరు. కుర్చీలో కూర్చుని మాట్లాడతారు, మీరు పక్కనే కూర్చోండి. మీరు లేవమంటే మీ బిడ్డ లేచి మీతో వచ్చేస్తుంది.'

'నేను పక్కనుంటా' అంది పరంజ్యోతి. 'అప్పుడు కూడా పక్కనే ఉండా. ఏమీ చెయ్యలేకపోతి.' కెజియా వైపు చూడకుండానే ఆ మాట అని, 'ఎనిమిదింటి బస్సుకు వస్తాము' అంది.

ఫోను పెట్టేశాక ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. షెడ్డుకు రానని కబురు చెప్పాలి, పొయ్యి ఆర్పాలి, చీర మార్చుకోవాలి. భయం తగ్గలేదు కెజియాకు. పరంజ్యోతి తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని కూతురి మణికట్టు పట్టుకుంది.

'ఇప్పుడేమన్నా వినపడతా ఉండాదా?'

ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న ఫోనులో అంకెలుగా వచ్చింది గానీ మనిషి నోటి వెంట రాలేదు. కెజియా కళ్ళు మూసుకుని విన్నది, పొయ్యి మంట, ఎవరిదో ఆటో, కోడి, దూరంగా గుంటల చక్రాలు, వట్టి చక్రాలు. 'లేదుమా' అంది.

'ఈసారి వినపడితే నన్నడుగు. నాకు వినపడిందో లేదో ఉండేదుండినట్టు చెప్తా.'

అన్నాక కూడా పరంజ్యోతి లేవలేదు. బస్సుకు వేళ అవుతున్నా, తల కొంచెం పక్కకు వంచి, బిడ్డ వింటున్న వైపే తనూ చెవి పెట్టి కూర్చుంది.